కట్టు విప్పే చేయి, కాలిన కాలు: డ్రెస్సింగ్ గదిలో రోగి, నర్సుల మధ్య నమ్మకంపై ఒక కేస్ స్టడీ

ఒకే పోలిక ఉన్న పలువురు రోగుల, నర్సుల అనుభవాలను కలిపి ఒక్క కేసుగా కూర్చి రాసినది ఇది. ఎవరినీ గుర్తుపట్టే వివరాలు ఉంచలేదు. అంకెలు, సమయాలు కాలిన గాయాల వార్డుల్లో మామూలుగా కనిపించేవే. గాయం ఎలా మానిందన్నది ఇక్కడ రెండో విషయం. రోజూ ఒకే బల్ల దగ్గర ఎదురుపడే ఇద్దరి మధ్య నమ్మకం ఎక్కడ తెగింది, మళ్ళీ ఎలా కుదిరింది అన్నది అసలు విషయం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నర్సు మంచితనంలో లోపం ఏమీ లేదు, రోగి ఓర్పులోనూ లేదు. పనిని అమర్చిన తీరే ఇద్దరినీ విడదీసింది.

రోగి, గాయం

46 ఏళ్ళ పురుషుడు. వేడి నూనె ఒలికి కుడి కాలు ముందువైపు, మోకాలి మడత, పొట్ట కింది భాగం, కుడి ముంజేయి కాలాయి. ఒంటి చర్మంలో మొత్తం 16 శాతం. ముంజేతి మీద పైపొరలే కాలాయి. కాలి మీద లోతు ఎక్కువ, మధ్యమధ్యలో తెల్లబడి స్పర్శ తెలియని మచ్చలున్నాయి. ఇలాంటి మిశ్రమ గాయాన్ని చూసి కొత్తవాళ్ళు తరచూ పొరబడతారు. లోతుగా కాలినచోట నరాల కొసలు పోయి నొప్పి తెలియకపోవచ్చు కానీ, దాని చుట్టూ ఉన్న అంచు భగభగమంటుంది. ఒకచోట తాకితే చలించని మనిషి రెండు అంగుళాల అవతల తాకగానే కేకపెడితే, అది నటన కాదు.

రోజూ డ్రెస్సింగ్. పాత కట్టు విప్పడం, సెలైన్‌తో కడగడం, ముందురోజు క్రీమ్ గడ్డకట్టి ఏర్పడిన పొరను తుడిచేయడం, మళ్ళీ 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్, పైన పారాఫిన్ గాజు (పారాఫిన్ జిడ్డు పట్టించిన పలుచటి వల గుడ్డ), ప్యాడ్, రోలర్ బ్యాండేజ్. 70 నిమిషాల దాకా పట్టేది.

మూడో రోజు కేస్ షీట్‌లో 'రోగి సహకరించడం లేదు' అని రాశారు. ఐదో రోజు ఆయన ఎడమ కాలితో ట్రేను తన్నేశాడు. ఆరో రోజు డ్రెస్సింగ్ వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు ఇద్దరి మాటా విడివిడిగా వినాలని నిర్ణయమైంది.

మాటలు తీసుకున్న పద్ధతి

ఇందులో తప్పు చేస్తే మిగతాదంతా తప్పే అవుతుంది. రోగిని అడిగే మనిషి ఆయనకు డ్రెస్సింగ్ చేసే నర్సు కాకూడదు. తన కట్టు విప్పే చేతి గురించి ఆ చేతికే ఫిర్యాదు చేసే ధైర్యం ఏ రోగికీ ఉండదు. డ్రెస్సింగ్ అయిన వెంటనే కూడా అడగకూడదు. మందు మత్తు దిగి, ఏదో ఒకటి తిని, కనీసం నాలుగు గంటలు గడిచాక కూర్చోవాలి. 'నొప్పి ఎక్కువగా ఉందా?' అని అడిగితే 'ఉంది' అన్న ఒక్క ముక్కే వస్తుంది. 'నిన్న డ్రెస్సింగ్ మొదటి నుంచి చివరిదాకా మీకు ఎలా గడిచిందో చెప్పండి' అని అడిగి ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. చెప్పినదాన్ని క్లుప్తంగా రాసి మర్నాడు ఆయనకే చదివి వినిపించాలి. 'ఇది నేనన్న మాటేనా' అని ఆయన సరిచూడాలి. అనుభవ కథనాల విశ్లేషణకు మనస్తత్వ శాస్త్రవేత్త కొలాయిజీ 1978లో చెప్పిన ఏడు మెట్లలో చివరి మెట్టు ఇదే. పని ఒత్తిడిలో అందరూ ముందుగా వదిలేసేదీ ఇదే.

రోగి చెప్పింది

ఆయన లెక్కలో డ్రెస్సింగ్ ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. అన్నం సయించదు. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. 'ట్రాలీ చక్రం చప్పుడు వినబడితే చెవులు రిక్కించుకుని ఉంటాను సార్. పక్క మంచం దాటిపోతే కాసేపు ఊపిరాడుతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు.' డ్రెస్సింగ్ ఎన్ని గంటలకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉదయం 9కి కావచ్చు, మధ్యాహ్నం 1కి కావచ్చు.

తర్వాత 'ఒక్క నిమిషం' సంగతి. 'ఒక్క నిమిషం ఓర్చుకోండి, అయిపోయింది' అని ప్రతి నర్సూ అన్నది. ఆ నిమిషం పావుగంట సాగేది. 'నొప్పి ఉంటుందని నాకు తెలుసు. అయిపోయిందన్నాక ఇంకా ఉంటే ఎట్లా ఓర్చుకోవాలో తెలియదు' అన్నాడు.

ట్రేను తన్నిన రోజు గురించి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. పొట్ట మీద కట్టు విప్పేటప్పుడు ఒంటిమీద గుడ్డ లేకుండా పడుకుని ఉన్నప్పుడు ఎవరో తలుపు తీసి, ఏదో వెతుక్కుని, వేయకుండానే వెళ్ళిపోయారు. అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు నర్సులు ఆయన మీదుగా వేరే రోగి ఇంజెక్షన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అదే సమయంలో గాజు లాగారు. 'ఆమె గడియారం చూసింది. నా దగ్గర్నుంచి ఎప్పుడు పోదామా అని చూసిందనుకున్నాను.' తన్నినందుకు ఆ సాయంత్రమే క్షమించమని అడగాలనుకున్నాడట. అప్పటికి డ్యూటీ మారిపోయింది.

నర్సు చెప్పింది

నాలుగేళ్ళ అనుభవం ఉన్న స్టాఫ్ నర్సు. గడియారం మాట ఎత్తగానే ఆమె చెప్పింది వేరు. 'నొప్పి మాత్ర 9కి ఇచ్చాం. గది ఖాళీ అయ్యేసరికి 12:15. మందు పనిచేయడం అయిపోయిందేమోనని చూశాను. ఇంకో డోసుకు ఆర్డర్ లేదు. ఫోన్ చేస్తే కానిచ్చేయమన్నారు.' చూపు ఒక్కటే. అటు నిర్లక్ష్యంగా కనబడింది, ఇటు నిస్సహాయతగా ఉంది. ఆమె ఆ లెక్కను పైకి అని ఉంటే సగం గొడవ ఉండేది కాదు. కానీ మందు పనిచేయడం లేదని రోగి ముందు ఒప్పుకుంటే ఆపాలి. ఆపే అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

'అరిస్తే నా చేతులు వేగం పెంచుతాయి. తొందరగా ముగిస్తే ఆయనకు తొందరగా విముక్తి అనుకుంటాను. వేగంగా లాగితే ఇంకా అరుస్తారు. ముఖం చూస్తే చేయలేను, అందుకే కాలునే చూస్తాను.' తనను మనిషిగా చూడలేదని రోగి అనుకున్న చూపు ఇదే. ఇంటికి వెళ్ళి స్నానం చేసినా ఆ క్రీమ్ వాసన వదలదని, మర్నాటి డ్యూటీ లిస్టులో ఆ మంచం నంబరు తనకు పడకపోతే ఊపిరి పీల్చుకుంటానని, అందుకు తన మీద తనకే కోపం వస్తుందని చెప్పింది.

చేయాల్సింది ఏమిటో తెలిసీ వ్యవస్థ చేయనివ్వనప్పుడు కలిగే ఈ బాధను నీతిశాస్త్ర పండితుడు ఆండ్రూ జేమ్టన్ 1984లో నైతిక వేదనగా గుర్తించాడు. అది ముదిరితే మనిషి మొద్దుబారుతుంది, లేదా వార్డు మారమని అర్జీ పెట్టుకుంటుంది. 'గట్టిగా ఉండు' అని చెప్పే సలహా ఈ బాధను తగ్గించదు, మొద్దుబారడాన్ని తొందరపెడుతుంది.

వార్డు దీనికి తనకు తెలిసిన పరిష్కారం ముందే చేసుకుంది. ఎవరి మీదా భారం పడకూడదని ఆ మంచాన్ని రోజుకొకరికి వేసింది. ఆరు రోజుల్లో ఐదుగురు నర్సులు. నర్సుల ఆందోళనకు అడ్డుగోడగా ఆసుపత్రులు పనిని ముక్కలు చేసి పంచుతాయని మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెన్జీస్ 1960లోనే లండన్‌లోని ఒక బోధనాసుపత్రిని పరిశీలించి రాసింది. ఆ గోడ నర్సును కాపాడదని కూడా ఆమె చూపింది. ఇక్కడా అంతే. ఏ నర్సుకూ ఆ కాలు చేతికి అలవాటు కాలేదు. రోగి ప్రతి ఉదయం ఎక్కడ మెల్లగా లాగాలో కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు రోజులు చెప్పి మానేశాడు.

ఏం మార్చారు

అన్నిటికన్నా ముందు మందు సమయం. వెంటనే పనిచేసే రకం మార్ఫిన్ మాత్ర పూర్తి ప్రభావానికి రావడానికి సుమారు గంట పడుతుంది, మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. 9కి మింగించి 12:15కి మొదలుపెడితే, మందు దిగిపోయే వేళకు గాయం తెరిచినట్టు. మాత్రను గడియారం నుంచి విడదీసి డ్రెస్సింగ్ గదికి ముడిపెట్టారు. ముందు రోగికి బ్యాండేజ్ చుట్టడం మొదలవ్వబోతున్నప్పుడు, గది ఇంకా 45 నిమిషాల్లో ఖాళీ అవుతుందనగా, గదిలోని నర్సు వార్డుకు ఫోన్ చేస్తుంది. అప్పుడే మాత్ర. ఫోన్ రాకుండా మాత్ర ఇవ్వరు. గది ఆలస్యమైతే ఆ మాట వెంటనే రోగికి చెప్తారు.

దీనికి తోడు గంటల ప్రకారం పారాసెటమాల్, మార్ఫిన్ మొదలైన రోజు నుంచే మలబద్ధకానికి మందు. రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాలుగు రోజులు విరేచనం కాని రోగికి నొప్పి మందంటేనే విరక్తి పుడుతుంది, 'ఆ మాత్ర వద్దు' అంటాడు. ఆ 'వద్దు' కూడా సహకరించకపోవడం కింద జమ అవుతుంది.

మధ్యలో నొప్పి పెరిగితే ఇవ్వాల్సిన ఫెంటనిల్ (త్వరగా పనిచేసే బలమైన నొప్పి మందు) చిన్న డోసును మత్తు డాక్టరు రోగి బరువును బట్టి ముందే రాసి సంతకం పెట్టాడు. షరతులు కూడా రాశాడు. పల్స్ ఆక్సీమీటర్ వేలికి ఉండాలి, శ్వాస రేటు, మత్తు స్థాయి రాస్తూ ఉండాలి, నలోక్సోన్ (ఈ మందుల ప్రభావాన్ని తిప్పికొట్టేది), ఆక్సిజన్, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస అందించే సంచి) చేతికందేంత దూరంలో ఉండాలి. శ్వాస నిమిషానికి 10కి తగ్గినా, పిలిస్తే సరిగా పలకకపోయినా డోసు ఇవ్వకూడదు. ఈ ఒక్క కాగితంతో ఆపే అధికారం నర్సు చేతికి వచ్చింది. కదలకుండా పడుకున్నప్పుడే నొప్పి 10కి 4 దాటి ఉంటే డ్రెస్సింగ్ మొదలుపెట్టరాదన్న నియమం కూడా అందులోనే ఉంది.

ఆ 4ను ఎవరు చెప్పాలి? రోగే. నొప్పి ఉందనీ ఎంతనీ అనుభవించే మనిషి చెప్పిందే నొప్పి అని నర్సు మార్గో మెక్‌కాఫ్రీ 1968లో అన్న మాట నర్సింగ్ బడుల్లో చదివించేదే. అయినా ఈ కేసులో మొదటి వారం షీట్‌లో ఉన్న స్కోర్లు నర్సులు ముఖం చూసి వేసినవి. రాత్రంతా నిద్రలేక పగలు కళ్ళు మూసుకున్న మనిషికి '2' వేసి ఉంది.

రెండో మార్పు, ఇద్దరు నర్సులే. ఒకరు ముఖ్యం, ఆమె సెలవు రోజున మరొకరు. డ్రెస్సింగ్ జరిగేంతసేపు వాళ్ళకు వేరే మంచం ఉండదు, ఫోన్ ఉండదు. తలుపు మీద 'డ్రెస్సింగ్ జరుగుతోంది' బోర్డు, లోపల తెర, తెరవని భాగం మీద దుప్పటి. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గర. చర్మం పోయినచోట ఒంటి వేడి నిలవదు, వణుకు మొదలైతే నొప్పి రెట్టింపవుతుంది.

ఇక కట్టు విప్పడం. గాయానికి అంటుకున్న గాజును పైకి ఎత్తి లాగితే కొత్తగా పుట్టిన చర్మం కూడా ఊడి వస్తుంది. దాని వల్ల నొప్పి ఒక్కటే కాదు, మానడమూ వెనక్కిపోతుంది. ఒంటి వేడికి తెచ్చిన సెలైన్‌తో తడిపి 15 నిమిషాలు ఆగాలి. ఈ 15 నిమిషాలే అందరూ తగ్గించేది. 5 నిమిషాలకు పైపొర తడుస్తుంది, లోపలి పొర అంటుకునే ఉంటుంది. తర్వాత ఒక చేతి వేళ్ళతో అంచు దగ్గరి చర్మాన్ని నొక్కిపట్టి, రెండో చేతిలోని ఫోర్సెప్స్ (పట్టకారు)తో గాజును చర్మానికి దాదాపు సమాంతరంగా, దాని మీదికే మడిచినట్టు వెనక్కి తీయాలి. పెద్ద ముక్కైతే కత్తిరించి పట్టీలుగా తీయాలి. కాలంతా ఒకేసారి తెరవకూడదు. గాలి తగిలితే చాలు మంట పుడుతుంది. ఒక భాగం తెరిచి, కడిగి, క్రీమ్ రాసి మూశాకే రెండోది.

పొట్ట మీది గాజును రోగి చేతే తీయించారు. గ్లవ్ తొడిగిన ఎడమ చేత్తో అంగుళం అంగుళంగా తీసుకున్నాడు. నర్సు తీసిన దానికన్నా ఐదారు నిమిషాలు ఎక్కువ పట్టింది, అరుపు లేదు. చేయి తనదైతే తర్వాతి క్షణం ఏమవుతుందో ముందే తెలుస్తుంది.

నర్సు తీసే భాగాల్లో ఆ పని మాట చేయాలి. 'ఏం కాదు' అన్నది ఎత్తేశారు. 'చాలా మంటగా ఉంటుంది' అని భయపెట్టడమూ ఎత్తేశారు. కలగబోయే స్పర్శను ఉన్నదున్నట్టు ముందే చెప్తే బాధ తగ్గుతుందని నర్సు పరిశోధకురాలు జీన్ జాన్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగం చూపింది. 'ఇప్పుడు గోరువెచ్చగా తగులుతుంది. తర్వాత అంచు దగ్గర లాగినట్టుంటుంది, పది లెక్కపెట్టేంతసేపు. లెక్క మీరే పెట్టండి' అని చెప్పి, పదికి నిజంగా ఆపుతారు. ముక్క రాకపోయినా ఆపుతారు. ఈ ఆపడం దగ్గరే ఆయన మనసు మారిందని మా అంచనా. మూడో రోజుకు లెక్క గొంతు వణకకుండా పెట్టాడు.

బాధాకరమైన చికిత్సలో గుర్తుండిపోయేది అత్యధిక నొప్పి, చివరి నొప్పి అని వైద్యుడు రెడెల్‌మైయర్, మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్ 1996లో చూపించారు. మోకాలి మడత ఈ రోగికి అన్నిటికన్నా కష్టమైన చోటు. దాన్ని ఎప్పుడూ చివరకు మిగిల్చేవారు. ఇప్పుడు మందు బలంగా ఉన్న సమయానికి, రెండో భాగంగా చేస్తారు. తేలికైన ముంజేయి చివర. కట్టు అయ్యాక కాలు దిండు మీద ఎత్తుగా పెట్టి, దుప్పటి కప్పి, నర్సు ఐదు నిమిషాలు పక్కనే కూర్చుని ఆ షీటు అక్కడే రాస్తుంది.

ఆ రాత కూడా మారింది. ముందు ఇలా ఉండేది: 'డ్రెస్సింగ్ చేశాం. రోగి సహకరించలేదు.' తర్వాత ఇలా: 'మాత్ర 10:05, మొదలు 10:55. మొదలు పెట్టేటప్పుడు నొప్పి 3. మోకాలి మడత దగ్గర 7, ఫెంటనిల్ ఒక డోసు, మూడు నిమిషాలకు 4. లోపలి అంచున రెండంగుళాలు అంటుకుంది, మళ్ళీ తడపాల్సి వచ్చింది. రేపు అక్కడ రెండు పొరల పారాఫిన్ గాజు.' మొదటిది చదివిన నర్సు గట్టిపడి లోపలికి వెళ్తుంది. రెండోది చదివిన నర్సు సెలైన్ ఎక్కువ తీసుకుని వెళ్తుంది.

ఏవి బెడిసికొట్టాయి

ఎడమ చేయి ఎత్తితే అన్నీ ఆగుతాయని రోగికి మాటిచ్చారు. మొదటి రోజు ఆయన దాన్ని పదిసార్లకు పైగా వాడాడు. నిజంగా ఆపుతారా లేదా అని చూసుకున్నాడు, అది సహజమే. కానీ పని గంటన్నర దాటింది, చివరి అరగంట మందు పట్టు సడలి అందరూ అలసిపోయారు. మాట వెనక్కి తీసుకుంటే ఉన్న నమ్మకమూ పోతుంది. అందుకని కాలును నాలుగు భాగాలుగా గీసి చూపించి, ప్రతి భాగం తర్వాత ఒక నిమిషం విరామం ఖాయం చేశారు. చేయి ఎత్తే హక్కు అలాగే ఉంది. విరామం ఎప్పుడొస్తుందో తెలిశాక ఎత్తడం రెండు మూడుసార్లకు దిగింది.

రెండో చిక్కు మరీ సున్నితమైనది. 'ఆ సిస్టర్ వస్తేనే చేయించుకుంటాను' అన్నాడు. ఆమె సెలవు రోజున కట్టు అలాగే ఉండిపోయింది. ఆమె సొంత ఫోన్ నంబరు అడిగాడు. ఇక్కడ చాలా వార్డులు ఇద్దర్నీ విడదీసి మళ్ళీ రోజుకొకరిని వేయడం మొదలుపెడతాయి, ఉన్నదీ చెడగొట్టుకుంటాయి. ఆ బంధాన్ని శిక్షించాల్సిన పనిలేదు. దాన్ని ఇంకొకరికి కూడా విప్పాలి. రెండో నర్సు రెండు రోజులు మొదటి నర్సు పక్కనే ఉంది. మొదటి రోజు సెలైన్ మాత్రమే పోసింది. రెండో రోజు మూడో భాగం నుంచి ఫోర్సెప్స్ ఆమె చేతికి మారింది. 'ఎక్కడ మెల్లగా తీయాలో ఈ సిస్టర్‌కు మీరే చెప్పండి' అని పని ఆయనకు అప్పగించారు. సెలవు సంగతి రెండు రోజుల ముందే చెప్తారు. సొంత నంబరు ఇవ్వరు, వార్డు నంబరు రాసిస్తారు. ఎందుకివ్వరో కూడా చెప్తారు, లేకపోతే ఆ నిరాకరణ మళ్ళీ దూరం పెట్టడంలాగే తగులుతుంది.

మూడోది ఆదివారం. డ్యూటీ డాక్టరు కొత్త. రాసి ఉన్న ఫెంటనిల్ డోసు ఇవ్వడానికి వెనకాడాడు, 'అలవాటు పడతాడు' అన్నాడు. కాలిన గాయానికి, పర్యవేక్షణలో, డ్రెస్సింగ్ కోసం ఇచ్చే డోసు గురించి ఆ భయం పెట్టుకోవడం సరికాదు. కానీ నర్సు ఆ వాదనను రోగి మంచం పక్కన గెలవలేదు. ఆ రోజు డ్రెస్సింగ్ ఆపి, మత్తు డాక్టరుకు ఫోన్ కలిపి, గంట ఆలస్యంగా చేశారు. ఆలస్యానికి కారణం రోగికి చెప్పారు. ఆయన కోప్పడలేదు.

నర్సు కోసం చేసింది తక్కువే, అయినా అది లేకపోతే మిగతాది నిలిచేది కాదు. డ్రెస్సింగ్ తర్వాత సీనియర్‌తో పది నిమిషాలు, తలుపు వేసి. తప్పులు వెతకడానికి కాదు. ఏ క్షణంలో చేతుల వేగం పెరిగింది, అప్పుడు ఏమనిపించింది అని అడుగుతారు. మధ్యలో భరించలేకపోతే ఫోర్సెప్స్ పక్కనున్న నర్సుకు ఇచ్చేయవచ్చు, ఎవరూ కారణం అడగరు. ఆ వెసులుబాటు ఉందని తెలిశాక ఆమె దాన్ని వాడుకున్నది అరుదు.

తర్వాత

రెండో వారం చివరికి అత్యధిక నొప్పి స్కోరు 9 నుంచి 4, 5 మధ్యకు వచ్చింది. డ్రెస్సింగ్ 55 నుంచి 60 నిమిషాలు. తడిపే సమయం పెరిగినా మొత్తం ఎందుకు తగ్గిందంటే, ముందు బతిమాలడానికీ పట్టుకోవడానికీ పోయిన సమయం ఇప్పుడు లేదు. ఈ తగ్గుదలంతా బంధం వల్లనే అనడానికి వీల్లేదు. ముంజేతి గాయం అప్పటికే మానుతోంది, మందు వేళ సరైంది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. రోగికి అవి విడివిడిగా అందలేదు కూడా. వేళకు అందిన మాత్రను ఆయన మందుగా ఎంత తీసుకున్నాడో, మాట నిలబెట్టుకోవడంగానూ అంతే తీసుకున్నాడు.

మూడో వారంలో ఎడమ తొడ నుంచి పలుచటి చర్మం తీసి కాలికి అతికించారు. చర్మం తీసినచోటు అతికించినచోటు కన్నా ఎక్కువ నొప్పి పెడుతుందని ముందే చెప్పారు. చెప్పకపోతే మంచి కాలికి ఏదో జరిగిందని రోగులు హడలిపోతారు. ఆ కట్టును రెండు వారాల దాకా కదిలించరు, చర్మం మానేకొద్దీ అంచుల నుంచి తనంతట తానే వదులుతుంది. వదిలిన అంచును రోజూ కత్తిరిస్తారంతే. 'దీన్ని ఎవరూ లాగరు' అన్న మాట విని ఆయన రెండోసారి అడిగి నిర్ధారించుకున్నాడు.

డిశ్చార్జి నాటికి బంధాన్ని ముగించడం కూడా పనిలో భాగమే. నర్సింగ్ సిద్ధాంతకర్త పెప్లావ్ 1952లో నర్సు, రోగి సంబంధపు దశలు చెప్పినప్పుడు ఈ ముగింపును విడిగా ఒక దశగా పెట్టింది. వారం ముందే తేదీ చెప్పారు. అవుట్‌పేషెంట్ నర్సు వార్డుకు వచ్చి ఒక డ్రెస్సింగ్ చూసింది. ప్రెషర్ గార్మెంట్ (మచ్చ ఉబ్బకుండా ఒంటికి బిగుతుగా పట్టే తొడుగు) రోజుకు 23 గంటలు ఎందుకు వేసుకోవాలో, నెలల తరబడి వచ్చే దురదకు గోకకుండా మాయిశ్చరైజర్ ఎలా మర్దనా చేయాలో ఆమెతోనే చెప్పించారు. ఆమెకు ఇచ్చిన ఒక పేజీ షీటును రోగి, ముఖ్య నర్సు కలిసి రాశారు. 15 నిమిషాలు తడపాలి, మోకాలి మడత రెండో భాగం, విరామాలు నాలుగు, లెక్క రోగి పెడతాడు, 'అయిపోయింది' అన్న మాట బ్యాండేజ్ పిన్ను పెట్టాకే అనాలి. చివరి అంశం రోగి చెప్పి రాయించినది.